ఐదడుగుల తొమ్మిదంగుళాల లైన్‌బ్యాకర్: శామ్ మిల్స్ కెరీర్‌పై చర్చ

యాంకర్: నమస్కారం. క్రికెట్, కబడ్డీ దాటి ఈ వారం అమెరికన్ ఫుట్‌బాల్‌కి వెళ్తున్నాం. అక్కడి అగ్ర లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో న్యూ ఓర్లీన్స్ సెయింట్స్, కరోలినా పాంథర్స్ జట్లకు 12 సీజన్లు ఆడిన లైన్‌బ్యాకర్ శామ్ మిల్స్ గురించి మాట్లాడుకుందాం. స్టూడియోలో ఒక క్రీడా విశ్లేషకులు, ఒక కబడ్డీ కోచ్ ఉన్నారు. పాంథర్స్ సొంత ఊరు షార్లెట్ నుంచి అక్కడే స్థిరపడిన తెలుగు అభిమాని ఒకరు లైన్లో ఉన్నారు. సార్, లైన్‌బ్యాకర్ అంటే ఎవరు? ముందు అది చెప్పండి.

విశ్లేషకుడు: డిఫెన్స్‌లో ముందు వరుసలో భారీ మనుషులుంటారు. వాళ్ల వెనక నిలబడేవాడు లైన్‌బ్యాకర్. బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని పడగొట్టాలి, పాస్ వేస్తే అడ్డుపడాలి. రెండిట్లో ఏది వస్తుందో అర సెకనులో తేల్చుకోవాలి. మిల్స్ మధ్యలో ఆడేవాడు. ఆ స్థానంలో మంచి ఆటగాడు బంతిని చూస్తూ కూర్చోడు, ఎదురుగా వంగి ఉన్న గార్డ్‌ని, అంటే అవతలి జట్టు ముందు వరుసలో దారి చేసే భారీ ఆటగాణ్ని చూస్తాడు. నేలకి ఆనించిన చేతి మీద బరువు ఎక్కువ పడిందా, పరుగు రావచ్చు. బరువు మడమల మీదకి జారిందా, పాస్ కావచ్చు. గార్డ్ పక్కకి కదిలితే బంతి కూడా చాలాసార్లు అటే పోతుంది. మిల్స్ గొప్పతనం ఈ చదవడంలోనే ఉంది.

యాంకర్: మరి అంత తెలివైనవాణ్ని మొదట్లో ఎవరూ ఎందుకు తీసుకోలేదు?

విశ్లేషకుడు: ఎత్తు సార్, ఎత్తు! మనిషి 5 అడుగుల 9 అంగుళాలు. న్యూజెర్సీలో మాంట్‌క్లెయిర్ స్టేట్ అనే చిన్న కాలేజీ. కాలేజీ ఆటగాళ్లని ఎన్ఎఫ్ఎల్ జట్లు ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ పిలవలేదు. 1981లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ శిక్షణ శిబిరం దాకా వెళ్లాడు, తీసేశారు. కెనడాలో టొరంటో ఆర్గొనాట్స్ దగ్గరికి వెళ్తే అక్కడా అంతే. తిరిగొచ్చి హైస్కూల్లో ఫోటోగ్రఫీ పాఠాలు చెప్పుకున్నాడు.

కోచ్: ఇక్కడ నేనొక మాట అనాలి. ఎత్తు తక్కువైతే నష్టమే అని గుడ్డిగా అనుకుంటాం. కబడ్డీలో మా డిఫెండర్లకి రోజూ చెప్పేది ఒకటే, నడుము కిందకి దిగు, అవతలివాడి బరువు కిందకి చేరు అని. మిల్స్ పాత వీడియోలు చూశాను. సుమారు 130 కిలోల గార్డ్ మీదకి వస్తుంటే ఇతను ముందే వాడి ఛాతీ కిందకి దూరిపోతాడు. పొడుగు మనిషి అంత కిందకి రావాలంటే ఇంకా వంగాలి, ఆ కాస్త ఆలస్యం మిల్స్‌కి లేదు.

యాంకర్: తలుపు ఎక్కడ తెరుచుకుంది?

విశ్లేషకుడు: 1983లో యూఎస్ఎఫ్ఎల్ అని కొత్త లీగ్ మొదలైంది. ఫిలడెల్ఫియా స్టార్స్ ఇతన్ని తీసుకుంది, కోచ్ జిమ్ మోరా. మూడు సీజన్లూ ఆ జట్టు ఫైనల్‌కి వెళ్లింది, 1984, 85లో గెలిచింది. లీగ్ మూతపడింది. మోరాకి 1986లో సెయింట్స్ కోచ్ ఉద్యోగం వచ్చింది, మిల్స్‌నీ వెంట తీసుకెళ్లాడు. తను శిక్షణ ఇచ్చినవాళ్లలో అందరికంటే గొప్ప ఆటగాడు మిల్సేనని మోరా తర్వాత చెప్పాడు.

యాంకర్: సెయింట్స్ అప్పట్లో ఎలా ఉండేది?

విశ్లేషకుడు: 1967 నుంచి ఆడుతున్నారు, ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్న సీజన్ ఒక్కటీ లేదు. అభిమానులే తలకి కాగితం సంచులు తొడుక్కుని స్టేడియానికి వచ్చేవారు. 1987లో 12 గెలిచి 3 ఓడారు. రికీ జాక్సన్, పాట్ స్విల్లింగ్, వాన్ జాన్సన్, మిల్స్, ఈ నలుగురు లైన్‌బ్యాకర్లకి ‘డోమ్ పట్రోల్’ అని పేరు. 1992 సీజన్‌కి నలుగురూ కలిసి ప్రో బౌల్‌కి, అంటే లీగ్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ఎంపికయ్యారు.

యాంకర్: షార్లెట్ నుంచి మేడమ్, మీ ఊళ్లో ఆయన పేరు ఎలా వినిపిస్తుంది?

షార్లెట్ అభిమాని: స్టేడియం బయట విగ్రహమే ఉందండీ. 51 నంబర్ జెర్సీ ఇక ఎవరికీ ఇవ్వరు. పాంథర్స్ 1995లో పుట్టిన జట్టు, మిల్స్‌కి అప్పటికే 36 ఏళ్లు. మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓడారు. అక్టోబర్ 15న జెట్స్ మీద ఆడుతూ కూడా వెనకబడే ఉన్నారు. జెట్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు వేసే ఆటగాడు బబ్బీ బ్రిస్టర్ దగ్గర్లోనే ఉన్న తన మనిషికి బంతిని మెల్లగా అందించబోయాడు. మిల్స్ గీత దాటి నేరుగా వచ్చేశాడు, బంతి ఇతని చేతుల్లోకే వచ్చింది. అక్కణ్నుంచి 36 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్. 26-15తో జట్టుకి మొదటి గెలుపు. ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ ఆ పరుగు గురించి చెబుతారు, మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

విశ్లేషకుడు: మరుసటి ఏడాది అదే జట్టు 12 గెలిచి, డల్లాస్‌ని ఓడించి, సెమీస్ లాంటి ఎన్ఎఫ్‌సీ ఫైనల్ దాకా వెళ్లింది. 37 ఏళ్ల వయసులో మిల్స్‌కి ఐదో ప్రో బౌల్. 1997 తర్వాత ఆట ఆపాడు.

యాంకర్: తర్వాత అదే జట్టుకి కోచ్ అయ్యారు కదా?

షార్లెట్ అభిమాని: అవునండీ, లైన్‌బ్యాకర్ల కోచ్. 2003 ఆగస్టులో పేగు క్యాన్సర్ అని తేలింది. కీమోథెరపీ తీసుకుంటూనే పనికి వచ్చేవారు. 2004 జనవరిలో డల్లాస్‌తో ప్లేఆఫ్ మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లతో మాట్లాడారు. జబ్బని తెలిసినప్పుడు వదిలేయడమో పోరాడడమో రెండే దారులు కనిపించాయని, తను పోరాడడాన్నే ఎంచుకున్నానని, మీరూ అలాగే ఆడాలని చెప్పారు. ‘కీప్ పౌండింగ్’, అంటే కొడుతూనే ఉండండి అన్నారు. ఆ మ్యాచ్ 29-10తో గెలిచి, లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లి, పేట్రియాట్స్ చేతిలో 32-29తో ఓడిపోయారు. 2005 ఏప్రిల్ 18న ఆయన చనిపోయారు, 45 ఏళ్లకే. ఇప్పుడు ప్రతి హోమ్ మ్యాచ్‌కి ముందు పెద్ద డ్రమ్ కొడతారు, స్టేడియం సగం ‘కీప్’ అంటే మిగతా సగం ‘పౌండింగ్’ అంటుంది.

యాంకర్: గొప్ప ఆటగాళ్లకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం మాత్రం 2022 దాకా రాలేదు.

విశ్లేషకుడు: అర్హత ఉండే ఇరవయ్యో ఏడాది, ఆఖరి అవకాశం. భార్య మెలనీ ఆయన తరఫున మాట్లాడారు. ఇది నాకు బాధే కాదు, కోపం కూడా. యూఎస్ఎఫ్ఎల్‌లో ఆడిన మూడేళ్లనీ సరిగ్గా లెక్కలోకి తీసుకుని ఉంటే మనిషి పోయాక ఇన్నేళ్లు ఆగాల్సిన అవసరం ఉండేదా?

కోచ్: ఒక కోణం చెప్తాను. మొదట్లోనే అన్నీ దొరికి ఉంటే ఆ కసి ఉండేదా? వద్దనిపించుకోవడమే ఆయన్ని తయారుచేసిందేమో.

విశ్లేషకుడు: క్షమించండి కోచ్ గారూ, నేను ఒప్పుకోను. బ్రౌన్స్ శిబిరానికి వచ్చినప్పుడే ఆయనకి ఆ ఆట తెలుసు, చూసే కన్ను లేదు, అంతే. తిరస్కారం నుంచి ఆయన నేర్చుకున్నదాని కంటే ఆ రెండు జట్లు పోగొట్టుకున్నదే ఎక్కువ. 1983లో కొత్త లీగ్ రాకపోతే ఆయన ఫోటోగ్రఫీ మాస్టారుగానే రిటైర్ అయ్యేవాడు, మనం ఈరోజు ఈ పేరు పలికేవాళ్లం కాదు.

కోచ్: అది నిజం. మా సెలెక్షన్లలో కూడా ముందు ఎత్తు, బరువు కొలుస్తాం, ఆట తర్వాత చూస్తాం. ఆ వరస తిరగేయాలి.

విశ్లేషకుడు: తిరగేయండి సార్. మిల్స్ ఆడుతుండగానే ఎన్ఎఫ్ఎల్‌లోకి జాక్ థామస్ వచ్చాడు, 5 అడుగుల 11 అంగుళాలు, 2023లో హాల్ ఆఫ్ ఫేమ్. ఆ తర్వాత లండన్ ఫ్లెచర్, డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు, వరసగా 256 మ్యాచ్‌లు ఆడాడు.