పెళ్లి అక్టోబర్లో, గౌను జనవరిలోనే ఆర్డర్!

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఒహాయో నుంచి మళ్లీ నేనే. ఇవాళ్టి వీడియో మా పెద్దమ్మ కోసం. మూడు వారాల నుంచి రోజూ వాట్సాప్‌లో అదే ప్రశ్న: "ఆ అమెరికా పిల్ల పెళ్లి గౌను చూపిస్తానన్నావ్, ఏదీ?" పెద్దమ్మా, గౌను మాత్రం చూపించకూడదట. పెళ్లిరోజు దాకా పెళ్లికొడుకు కంట పడకూడదని వీళ్ల పట్టింపు. ఆ అబ్బాయి మన ఛానెల్ సబ్‌స్క్రైబ్ చేసుకున్నాడు మరి. తెలుగు రాకపోతేనేం, బొమ్మ కనపడుతుందిగా! అందుకని గౌను తప్ప మిగతావన్నీ చూపిస్తా. వ్యూస్ కోసం కూడా అనుకోండి, దాచడమెందుకు. పోయినసారి మంచు తవ్విన వీడియో డబ్బులతో నేనూ మా ఆయనా చెరో కాఫీ తాగాం, అంతే.

కొత్తగా చూసేవాళ్లకి సంగతి చెప్తా. ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి పెళ్లి, అక్టోబర్ రెండో శనివారం. నేను బ్రైడ్స్‌మెయిడ్‌ని. మన తోడి పెళ్లికూతురు లాంటిదే గానీ ఇక్కడ ఒక్కరు కాదు, ఐదుగురం. పెళ్లయి పిల్లలున్నా ఫరవాలేదు. ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున్నే నా టేబుల్ మీద చిన్న పెట్టె ఉంది. తెరిస్తే ఒక కొవ్వొత్తి, నాలుగు చాక్లెట్లు, "నా బ్రైడ్స్‌మెయిడ్‌గా ఉంటావా" అని చేత్తో రాసిన కార్డు. ఆ కార్డు ఇంకా మా ఫ్రిజ్ మీదే ఉంది, తీయబుద్ధి కాలేదు. ఈ దేశం వచ్చి ఏడేళ్లయింది. తమ ఇంటి పెళ్లిలో పక్కన నిలబడమని ఒకళ్లు అడగడం ఇదే మొదలు.

ఇవాళ పదకొండింటికి ఫిటింగ్, అంటే కుట్టిన డ్రెస్ వేసుకుని చూసి, ఒంటికి సరిపోయేలా కొలతలు పెట్టించుకోవడం. ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టాను. షాపున్న ఊరు మేసన్‌లో మా ఇంటి నుంచి కారులో ఇరవై నిమిషాల దారి. ఆ ఊరి పేరు స్పెల్లింగ్ ప్రకారం రీడింగ్ అని చదువుతాం గానీ, పలకడం మాత్రం రెడింగ్. మొదటిసారి చెప్పినప్పుడు మా మావయ్య గారు, "అక్కడ కూడా రెడ్డిగారి పేరుతో ఊరుందా?" అని చాలా సంతోషపడ్డారు. కాదు మావయ్యా అంటే ఒప్పుకోరు. ఇప్పుడు మా ఇంట్లో దాని పేరు రెడ్డిగారి ఊరే.

అయ్యో, ఆగండి... చెప్పులు! సగం దారి వచ్చాక గుర్తొచ్చింది. పెళ్లిలో వేసుకునే హీల్స్ తెమ్మని పెళ్లికూతురు మూడుసార్లు మెసేజ్ పెట్టింది. డ్రెస్ అంచు కొలిచేది ఆ హీల్స్ వేసుకుని నిలబడ్డాకే. అరంగుళం తేడా వచ్చినా అంచు నేల మీద ఊడుస్తుంది, లేదంటే చీలమండ పైకి లేస్తుంది. మనకైతే ఆ చింత లేదు, కుచ్చిళ్లు ఇంకాస్త కిందికి దోపుకుంటాం, అయిపోయె. సరే, వెనక్కి తిప్పుతున్నా. మీరు కాసేపు మొక్కజొన్న చేలు చూస్తుండండి.

వచ్చేశాం. ముప్పావు గంట ఆలస్యం, కానీ కుట్టే ఆవిడ ఏమీ అనలేదు. కెమెరా ఇటు తిప్పుతా, చూడండి. ఇది బెన్సన్ స్ట్రీట్. ఈ చుట్టుపక్కలంతా పెళ్లి కొట్లే, బ్రైడల్ డిస్ట్రిక్ట్ అంటారు. గౌన్ల షాపులు, మగపెళ్లివారి సూట్లు, కేకులు, శుభలేఖలు. కొన్ని పాతకాలం ఇళ్లలోనే నడుపుతున్నారు. పట్టుచీరల బజారు అనుకోండి, కాకపోతే "రండమ్మా, చూడండమ్మా" అని పిలిచేవాళ్లు లేరు. పిలవరు సరికదా, అపాయింట్‌మెంట్ లేకపోతే లోపలికి కూడా రానివ్వరు చాలా చోట్ల.

జనవరిలో గౌను చూడ్డానికి పెళ్లికూతురితో నేనూ వచ్చాను. గంటన్నర టైమిచ్చారు, మనుషులు ఐదుగురికి మించకూడదన్నారు. నా పెళ్లి చీరలకి మేం తెనాలి నుంచి టెంపో ట్రావెలర్ కట్టించుకుని వెళ్లాం, పద్నాలుగు మందిమి. తెల్ల పరుపుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కూల్‌డ్రింకులు తెప్పించుకుని, కొట్లో చీరలన్నీ దులిపించి, చివరికి మొదట చూసిన చీరే కొన్నాం. ఇక్కడ పిన్‌డ్రాప్ సైలెన్స్. అమ్మాయి లోపల గౌను వేసుకుని వస్తుంది, చిన్న పీట ఎక్కి నిలబడుతుంది, మనం చూస్తాం. షాపులో ఉండేది ఒక్కో మోడల్‌కి ఒక్క శాంపిలే. అది తనకి వదులైతే వీపు వెనకాల క్లిప్పులు పెట్టి బిగిస్తారు, మనం తీగ మీద బట్టలకి పెట్టుకునేలాంటివి. ముందు నుంచి చూస్తే మహారాణి, వెనక నుంచి చూస్తే ఆరేసిన బట్ట. నాలుగో గౌనుకి వాళ్లమ్మ ఏడ్చింది, అమ్మమ్మ ఏడ్చింది, నాక్కూడా కళ్లు తడయ్యాయి. ఫోన్‌లో మా అమ్మకి చెప్తే, "బట్టలు కొన్నప్పుడే ఏడిస్తే ఇంక అప్పగింతలకి ఏం మిగులుతుందే?" అంది.

ఆ గౌను 1,900 డాలర్లు. లెక్క సులువుగా ఉంటుందని నేను డాలర్‌కి 85 రూపాయలే వేస్తా: 1,61,500. సగానికి పైగా అప్పుడే కట్టించుకున్నారు, వెనక్కి ఇచ్చేది లేదు. సరే, డబ్బు కట్టాం, కవరులో పెట్టి ఇస్తారనుకున్నా. ఏదీ? అప్పుడు తెలిసింది నాకు. ఆ గౌను ఇంకా పుట్టలేదు! మనం చూసింది శాంపిల్. మన కొలతలకి దగ్గర సైజు చూసి ఆర్డర్ పంపిస్తే, అప్పుడు బట్ట కత్తిరించి, లేస్ అతికించి, పూసలు కుట్టి పంపుతారు. నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇక్కడ అమ్మే గౌన్లు చాలావరకు చైనాలో కుట్టినవే. చైనా కొత్త సంవత్సరం వస్తే వాళ్ల ఫ్యాక్టరీలు రెండు మూడు వారాలు మూత. అందుకే షాపావిడ జనవరి మొదటి వారంలోనే తొందరపెట్టింది. గౌను చేతికొచ్చింది జూన్ ఆఖరుకి.

అంటే మిగిలిన మూడు నెలలు చాలా ఎక్కువ కదా అనుకున్నా. కాదట. వచ్చిన గౌను మనిషికి సరిపోదు, సరిపోయేలా కుట్టడం వేరే పని, వేరే బిల్లు. రెండు మూడు ఫిటింగులు, పెళ్లికి రెండు నెలల ముందు మొదలుపెట్టి, ఆఖరిది వారం పది రోజుల ముందు. ఈమెకి ఆ ఆల్టరేషన్‌కే 600 డాలర్లు. 51,000 రూపాయలు, ఉన్న బట్టని కుట్టడానికి! మా తెనాలి టైలర్ గారు ఈ వీడియో చూడకుండా ఉంటే బాగుండు.

తొందర ఉన్నవాళ్లకి దారి లేదని కాదు. ఇంకొంచెం డబ్బు ఎక్కువ కడితే ముందు కుట్టి పంపేవాళ్లున్నారు. షాపులో శాంపిల్‌నే తగ్గింపు రేటుకి కొనుక్కుని తీసుకెళ్లొచ్చు. కానీ లెక్కంతా పెళ్లి తేదీ నుంచి వెనక్కి వేస్తారు. తొమ్మిది పది నెలల ముందు గౌను, ఆరేడు నెలల ముందు మా బ్రైడ్స్‌మెయిడ్ డ్రెస్సులు. గౌను తర్వాతే మావి ఎందుకంటే, దాన్ని బట్టే మా రంగూ, మా తీరూ.

మాది మార్చిలో ఆర్డరిచ్చాం. రంగు పేరు సేజ్ గ్రీన్. నాకైతే ఎండబెట్టిన కరివేపాకు. ఐదుగురం ఒకేరోజు, ఒకే షాపులో ఆర్డరివ్వాలని పెళ్లికూతురు పట్టుబట్టింది. ఎందుకో మ్యాచింగ్ సెంటర్‌కి తిరిగినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అదే పేరు, అదే నంబర్ రంగు అయినా వేరే విడతలో అద్దకం వేస్తే చాయ తేడా వస్తుంది. ఫోటోలో నలుగురు కరివేపాకు, ఒకరు పుదీనా అయితే బాగోదుగా.

ఇక్కడే నాకు కొంచెం కోపం వచ్చిన విషయం చెప్పాలి. ఈ డ్రెస్ డబ్బులు నేనే కట్టుకోవాలి! 190 డాలర్లు, 16,150 రూపాయలు. మనం పెళ్లికి పిలిస్తే ఆడపడుచులకి, తోడి పెళ్లికూతురికి బట్టలు పెడతాం. వీళ్లు పిలిచి, రంగు చెప్పి, షాపు చెప్పి, బిల్లు మనకే ఇస్తారు. ఇది ఇక్కడ మామూలే, ఎవరూ తప్పుగా అనుకోరు. నాకే రెండు రోజులు మింగుడుపడలేదు.

రెండో కోపం సైజు. నేను మామూలుగా ఆరో నంబర్ వేసుకుంటా. ఇక్కడ షాపావిడ టేపు పెట్టి కొలిచి పది అంది. నా మొహం చూసి, పెళ్లి బట్టల నంబర్లు ఇలాగే పెద్దగా ఉంటాయి, మనసులో పెట్టుకోకు అని ఓదార్చింది. మనిషి ఎక్కడ లావుగా ఉంటే ఆ కొలతకే ఆర్డరిచ్చి మిగతాది బిగిస్తారట, ఎందుకంటే బిగించడం సులువు, వదులు చేయడానికి లోపల బట్ట ఎక్కువ ఉండదు. మన జాకెట్‌కి లోపల మూడు కుట్లు వదులుతారు చూడండి, పెళ్లినాటి జాకెట్ బారసాలకి కూడా పట్టేలా! మా ఐదుగురిలో ఒకమ్మాయికి ఇప్పుడు ఆరో నెల. ఆమె డ్రెస్ ముందుగానే రెండు సైజులు పెంచి తెప్పించారు, పెళ్లికి వారం ముందు కొలిచి కుడతారు. చీరయితే ఎవరికైనా ఒకే ఐదున్నర మీటర్లు, ఆరో నెలకీ తొమ్మిదో నెలకీ. ఈ మాట నేను గట్టిగానే అన్నా, అక్కడ ఎవరికీ అర్థం కాలేదు.

సరే, లోపలికి వచ్చాం. కుట్టేది ఒక పెద్దావిడ. మణికట్టుకి చిన్న మెత్త కట్టుకుంది, దాని నిండా గుండుసూదులు. నన్ను పీట ఎక్కించి, కింద నేల మీద కూర్చుని, చుట్టూ పాకుతూ సూదులు గుచ్చుతోంది. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. డ్రెస్ కుట్టింది నాకంటే జానెడు పొడుగు మనిషికి. ఎనిమిది అంగుళాలు కత్తిరించాలట. అంచు, భుజాల పట్టీలు కలిపి 85 డాలర్లు. లెక్క మీరే వేసుకోండి, నేను ఇవాళ్టికి వేయను.

ఆ తర్వాత పెళ్లికూతురిది. గౌను వెనక ఒక గజంన్నర తోక నేల మీద పరుచుకుని ఉంటుంది. దాంతో చర్చిలో నడవగలరు గానీ డాన్స్ చేయలేరు. అందుకని లోపల సన్నటి దారాల ఉచ్చులు, గుండీలు కుట్టి, తోకని పైకి మడిచి కట్టేస్తారు. బసల్ అంటారు. పదకొండు గుండీలు లెక్కపెట్టా. ఏ ఉచ్చు ఏ గుండీకో ఆవిడ మాకు నేర్పింది, మేం ఫోన్లలో వీడియో తీసుకున్నాం. అమ్మాయిలు ముగ్గురు తికమకపడ్డారు. నేను రెండోసారికే కట్టేశా. కుచ్చిళ్లు సర్ది పిన్నులు పెట్టిన చేతులండీ ఇవి! పెళ్లిరోజు బసల్ కట్టే పని నాకే అప్పజెప్పారు. పెద్దమ్మా, విన్నావుగా?

కారులో కూర్చున్నాక ఊరికే లెక్క వేశా. ఈ పెళ్లి సంగతి నాకు పదకొండు నెలల ముందే తెలుసు. మా చెల్లి పెళ్లికి ముహూర్తం పెట్టింది ముప్పై ఎనిమిది రోజుల ముందు. మాఘంలో అంతకంటే మంచిది లేదన్నారు పంతులు గారు. నా వీసా స్టాంపింగ్‌కి ఆ నెలలో స్లాట్ దొరకలేదు, వెళ్తే తిరిగి రాగలనో లేదో తెలియదు. తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి ముహూర్తం, ఇక్కడ ముందు రోజు సాయంత్రం ఆరు కావస్తోంది. పట్టుచీర కట్టుకుని, జడ వేసుకుని, డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక్కదాన్నే కూర్చున్నా. జీలకర్ర బెల్లం దగ్గర నెట్ ఆగిపోయింది. మళ్లీ వచ్చేసరికి తలంబ్రాలు పోస్తున్నారు. చెల్లి జాకెట్ ముందు రోజు రాత్రి పదింటికి తెచ్చిచ్చాడట టైలర్, హుక్కులు మా పిన్ని కుట్టింది. అది కూడా నేను తర్వాత విన్నదే.

ఏదో చెప్తూ ఎక్కడికో వెళ్లిపోయా. అన్నట్టు, కత్తిరించే ముక్క ఏం చేస్తారని ఆ పెద్దావిడని అడిగా. పారేస్తామంది. నాకివ్వండి అంటే నవ్వి, అంచు కుట్టాక డ్రెస్‌తో పాటు కవర్లో పెట్టిస్తానంది. మన చీరలకి జాకెట్ ముక్క వస్తుంది కదా, దీనికీ వచ్చినట్టేగా! ఇంటికొచ్చి అమ్మకి వీడియో కాల్ చేసి చెప్పా.

"ఎంతుంటుందే?"

"ఎనిమిది అంగుళాలు. పొడుగు మాత్రం గౌను చుట్టుకొలతంత."

కాసేపు ఆలోచించింది. "జాకెట్‌కి చాలదు. పారేయకు, చెల్లి గులాబీరంగు చీర జాకెట్‌కి చేతుల దగ్గర పైపింగ్ వేయిస్తా. ఎవరైనా వస్తుంటే పంపించు."

బాబు స్కూల్ బస్సు హారన్ కొడుతోంది. ఆపేస్తున్నా, బై అండీ.