ధ్యానం మొదటిసారి చేస్తున్నారా? ఊపిరి దగ్గర ఇరుక్కోకుండా 5 నిమిషాలు

నమస్కారమండీ. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల హారన్లు వినిపిస్తున్నాయి కదా? మా ఇల్లు ఏడు రోడ్ల జంక్షన్‌కి దగ్గర. ఆ మోత ఎడిటింగ్‌లో తీసెయ్యలేదు, కావాలనే ఉంచాను. నిశ్శబ్దం దొరికాక మొదలుపెడదాంలే అనుకుంటే ఈ ఊళ్లో జన్మలో మొదలుపెట్టలేం. ఈ మోతలోనే చేద్దాం.

ముందు కూర్చోవడం. ఇదిగో, ఇలా మఠం వేసుకుని. దుప్పటి మడత ఉంది చూశారా, అది పిర్రల కింద మాత్రమే, కాళ్ల కింద కాదు. ఇప్పుడు తీసేస్తాను, చూడండి... నడుము వంగిపోయింది కదా. మళ్లీ పెట్టాను... వెన్ను దానంతటదే లేచింది. అంతే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీ వేసుకోండి, ప్లాస్టిక్ కుర్చీ అయినా సరే. వెనక్కి జారగిలబడొద్దు, పాదాలు నేలకి ఆనాలి. పద్మాసనం జోలికి ఇప్పుడు వెళ్లకండి. చేతులు ఎక్కడ పెట్టినా ఫర్వాలేదు. కళ్లు మూసుకోండి.

ఆగండాగండి, టైమర్ పెట్టలేదు. ముందు ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో... ఆ, ఇక్కడ. క్లాక్‌లోకి వెళ్లి 5 నిమిషాలు. దీనికోసం బోలెడు యాప్‌లున్నాయి, గంట మోగేవి, వాన చప్పుడు వినిపించేవి. నాకైతే ఫోన్‌లో ఉన్న క్లాకే ఇష్టం. యాప్ తెరిస్తే ఏ గంట బాగుందో వెతుక్కోవడంలోనే అయిదు నిమిషాలు అయిపోతాయి. రింగ్‌టోన్ మాత్రం మెత్తనిది పెట్టుకోండి, లేకపోతే చివర్లో ఉలిక్కిపడతారు. కొంతమంది అగరుబత్తి వెలిగించి అది కాలేదాకా కూర్చుంటారు. మనం చూడబోయేది ముక్కు దగ్గరి గాలిని కాబట్టి ఆ పొగ నాకు సరిపడదు.

ఇక అసలు పని. ముక్కు పుటాల దగ్గర గాలి తగులుతుంది, లోపలికి వెళ్లేటప్పుడు కాస్త చల్లగా, బయటికి వచ్చేటప్పుడు కాస్త వెచ్చగా. దాన్ని గమనించాలి. చెప్పడానికి ఇంతే. చాలామంది ఆగిపోయేదీ ఇక్కడే, నన్ను కూడా ఎక్కువ ఏడిపించింది ఈ మెట్టే. అందుకే ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ఏమవుతుందంటే, ఊపిరి మీద దృష్టి పెట్టగానే ఊపిరి మారిపోతుంది. అప్పటిదాకా దాని మానాన అది నడుస్తున్నదల్లా మన చేతుల్లోకి వచ్చేస్తుంది. మనమే లాగుతాం, మనమే వదులుతాం. రెండు నిమిషాలు తిరిగేసరికి ఛాతీ బరువెక్కి, గాలి చాలనట్టు ఉండి, టెన్షన్ మొదలవుతుంది. ధ్యానం నాకు పడదు అని లేచిపోతారు. పడకపోవడం కాదండీ, మీరు చేస్తున్నది ప్రాణాయామం. అది వేరే పని, మంచి పనే, కానీ ఇప్పటి పని కాదు.

మన జిల్లాలోనే, గార మండలంలో, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ ఉంది కదా, స్తూపాలున్న కొండ. 1919లో దాన్ని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారే. ఒకప్పుడు బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు అది. ఊపిరిని గమనించే ఈ పద్ధతిని బౌద్ధులు ఆనాపానసతి అంటారు. అందులో మొదటి పాఠం ఏమిటంటే, ఊపిరి దీర్ఘంగా ఉంటే దీర్ఘంగా ఉందని తెలుసుకో, పొట్టిగా ఉంటే పొట్టిగా ఉందని తెలుసుకో. దీర్ఘంగా పీల్చు అని అక్కడ లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చేపోయేవాళ్లని చూస్తాడు గానీ ఎవరినీ చెయ్యి పట్టుకుని లాక్కురాడు, అలా అన్నమాట.

సరే, లాగకుండా ఉండడం ఎలా? నేను చేసేది చెప్తాను. పీల్చడంతో మొదలుపెట్టను, వదలడంతో మొదలుపెడతాను. ఇదిగో చూడండి, వదిలేశాను... పూర్తిగా... ఇప్పుడు ఏమీ చెయ్యను. ఊరికే ఉంటాను... వచ్చింది చూశారా? నేను తీసుకోలేదు, అదే వచ్చింది. మళ్లీ వదిలేశాను... ఆగాను... వచ్చింది. ఊపిరి బిగబట్టకూడదు సుమా, ఊరికే ఉండాలి, అంతే. ఇలా నాలుగైదు సార్లు చేస్తే పగ్గం మన చేతిలోంచి జారుతుంది. అప్పటికీ బిగుసుకుంటోందా? ముక్కు వదిలేసి పొట్ట మీద చెయ్యి వేసుకోండి. చెయ్యి పైకి లేస్తుంది, దిగుతుంది, దాన్నే చూడండి. అదీ కాదంటే కళ్లు తెరిచి కాసేపు రోడ్డు చప్పుడు వినండి, అది కూడా ధ్యానమే. కూర్చున్న ప్రతిసారీ గాభరా పెరుగుతోందంటే మాత్రం మొండిగా కొనసాగించకండి, డాక్టర్‌తో మాట్లాడండి.

లెక్క పెట్టడం తేలిక. వదిలినప్పుడల్లా ఒక అంకె, పది దాకా, మళ్లీ ఒకటి. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాడు కాబట్టి 5 నిమిషాలకి 60 నుంచి 100 ఊపిరులు. వీటిలో మీకు తెలిసేవి ఎన్ని? మొదట్లో చాలా తక్కువ. మూడు దగ్గరే గ్యాస్ బుక్ చేశానా లేదా అనే ఆలోచన వస్తుంది, అటునుంచి పిల్లాడి ఫీజు, అటునుంచి అరసవల్లి రథసప్తమికి వచ్చే చుట్టాలు. ఎక్కడికో పోయామని తట్టిందా, మళ్లీ ఒకటి. ఛీ నా మనసు అని తిట్టుకోకండి. తట్టడమే మనం నేర్చుకుంటున్న పని, పది దాకా వెళ్లడం కాదు. లెక్క పదిహేడుకి చేరిపోయినా అంతే, మళ్లీ ఒకటి.

దోమ కుడితే గోక్కోండి, వీరత్వం అక్కర్లేదు. నిద్ర వస్తే అన్నం తిన్న వెంటనే కూర్చున్నారేమో చూసుకోండి. ఇంట్లోవాళ్లు "ఏటిరా, కూకుని నిద్రోతన్నావా?" అంటారు. అననివ్వండి, మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

వారం రోజులు ఈ 5 నిమిషాలే చెయ్యండి, పెంచొద్దు. వచ్చే వీడియోలో నడుస్తూ చేసేది చూపిస్తాను, కూర్చుంటే కునికిపాట్లు పడేవాళ్లకి అది బాగా పనికొస్తుంది. చెప్పుల్లేకుండా డాబా మీద చేద్దాం, అందుకని పొద్దున్నే ఎండెక్కకముందే షూట్ చేస్తాను.