పోలండ్ వాళ్ళకు మర్యాద తెలియదని ముద్ర వేసిందెవరు?

యాంకర్: నమస్కారం. "పోలండ్ వాళ్ళా? తాగుతారు, నవ్వరు, ప్లీజ్ అనరు. పని మాత్రం బాగా చేస్తారు." యూరప్‌లో ఉన్న మనవాళ్ళ నోట కూడా ఈ మాట తరచూ వినిపిస్తుంది. చదువుకో ఉద్యోగానికో పోలండ్ వెళ్తున్న తెలుగు పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ దేశంలో అడుగు పెట్టకముందే వాళ్ళ మీద ఒక అభిప్రాయంతో వెళ్తున్నారు. అందుకే ఈ చర్చ. యూరప్ చరిత్ర బోధించే ప్రొఫెసర్ గారు, క్రాకోవ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా చేస్తూ సెలవు మీద వచ్చిన మేడమ్, ఇంగ్లండ్‌లో చదువుకుంటూ వేర్‌హౌస్‌లో చేరి, అక్కడే సూపర్‌వైజర్ అయి తిరిగొచ్చిన మిత్రుడు మనతో ఉన్నారు. ప్రొఫెసర్ గారూ, హంసల కథతో మొదలుపెడదామా?

ప్రొఫెసర్: తప్పకుండా. 2003 జూలైలో బ్రిటన్‌లో ‘ద సన్’ పత్రిక మొదటి పేజీలో ఒక వార్త వేసింది. శరణు కోరి వచ్చినవాళ్ళు రాణిగారి హంసల్ని పట్టుకుని కాల్చుకు తింటున్నారట. అందులో పోలండ్ ఊసే లేదు. ఆ తర్వాత, ఎవర్నీ అరెస్టు చేయలేదని, ఆ పని శరణార్థులే చేశారని తేల్చి చెప్పలేమని పత్రికే ఒప్పుకోవాల్సి వచ్చింది. అయినా కథ చావలేదు. 2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది, జనం రావడం మొదలైంది, కథ తీసుకెళ్ళి వాళ్ళకు అంటించారు. 2024 సెప్టెంబరులో అమెరికా అధ్యక్ష అభ్యర్థుల డిబేట్‌లో ట్రంప్ ఏమన్నారో గుర్తుందిగా? ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవాళ్ళు ఊళ్ళోవాళ్ళ కుక్కల్నీ పిల్లుల్నీ తింటున్నారని. ఆధారం లేదని ఆ ఊరి అధికారులే చెప్పారు. కొత్తగా వచ్చినవాళ్ళ మీద పుట్టే మొదటి పుకారు ఎప్పుడూ తిండి మీదే ఉంటుంది.

సూపర్‌వైజర్: హంసల సంగతి పుకారే అనుకోండి సర్, పోలండ్ వాళ్ళు చెరువుల్లో కార్ప్ చేపల్ని దొంగిలించి తింటారన్న గొడవలో మాత్రం కొంత నిజం ఉంది. ఇంగ్లండ్‌లో సరదాకి గాలం వేసేవాళ్ళు చేపను పట్టి, బరువు చూసుకుని, ఫొటో తీసుకుని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. పోలండ్‌లో చేపలు పట్టే కార్డు ఉన్నవాళ్ళు పరిమితి మేరకు చేపను ఇంటికి తీసుకెళ్ళొచ్చు. పైగా క్రిస్మస్ ముందు రోజు రాత్రి భోజనంలో కార్ప్ ఉండాల్సిందే. మాతో పనిచేసే ఆయన చెప్పేవాడు, చిన్నప్పుడు వాళ్ళమ్మ బతికున్న చేపను కొని తెచ్చి బాత్‌టబ్‌లో వదిలేదట. పిల్లలు దానికి పేరు పెట్టేవాళ్ళు, ఆ నాలుగు రోజులూ స్నానాలు పక్కింట్లో. అలాంటి ఇంట్లో పెరిగినవాడు ఇంగ్లండ్ చెరువులో గాలం వేస్తే ఏం చేస్తాడు? నిబంధన తెలియక తీసుకెళ్ళినవాళ్ళున్నారు, తెలిసీ తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. అది తప్పే, జరిమానా వేయండి. దానికి జాతి మొత్తాన్నీ దొంగలనడం ఏం న్యాయం?

యాంకర్: ఇంతకీ అంత కోపం ఎందుకు వచ్చింది బ్రిటన్‌లో?

ప్రొఫెసర్: అంకెలు చూస్తే అర్థమవుతుంది. కొత్త సభ్య దేశాల నుంచి ఏడాదికి 5,000 నుంచి 13,000 మంది వస్తారని ప్రభుత్వం చేయించిన అధ్యయనం అంచనా వేసింది. అప్పట్లో పాత సభ్య దేశాల్లో బ్రిటన్, ఐర్లండ్, స్వీడన్ మాత్రమే వెంటనే తలుపులు తెరిచాయి. జర్మనీ 2011 దాకా తెరవలేదు. దాంతో చాలామంది బ్రిటన్‌కే వచ్చారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలండ్‌లో పుట్టినవాళ్ళు 2001 జనగణనలో సుమారు 58,000 మంది, 2011కి 5,79,000 మంది. పదేళ్ళలో పది రెట్లు! వచ్చినవాళ్ళంతా లండన్‌లో కలిసిపోలేదు, ఇంగ్లండ్‌లోనే ఉన్న బోస్టన్, పీటర్‌బరో లాంటి చిన్న ఊళ్ళకూ వెళ్ళారు. అక్కడ ఆస్పత్రులూ బళ్ళూ ఇళ్ళూ పెరగలేదు. తప్పు లెక్క వేసింది ప్రభుత్వం, మాట పడింది కూలికి వచ్చినవాడు.

సూపర్‌వైజర్: ఇళ్ళ గురించి నేను చెప్తాను. "వాళ్ళకి శుభ్రత లేదు, చెత్తబుట్టలు పొంగిపొర్లుతుంటాయి, రాత్రంతా మాటలు" అని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేసేవాళ్ళు. నేను ఆ ఇళ్ళలోకి వెళ్ళాను. మూడు గదుల ఇల్లు. ఏజెన్సీవాడు గదికి ముగ్గురినో నలుగురినో పెట్టి, అద్దె జీతంలోంచే కోసుకునేవాడు. కొందరిది పగటి షిఫ్టు, కొందరిది రాత్రి షిఫ్టు. ఒకడు లేచి వెళ్ళిన పరుపు మీద ఇంకొకడు పడుకునేవాడు. అంతమంది ఉన్న ఇంటికి మున్సిపాలిటీ ఇచ్చింది మామూలు కుటుంబానికిచ్చే ఒక్క చెత్తడబ్బా. పొంగదా మరి? రాత్రి రెండింటికి షిఫ్టు దిగినవాడు అన్నం వండుకుంటే చప్పుడు కాదా? మేం తెలుగు స్టూడెంట్లం కూడా అలాగే ఉండేవాళ్ళం, మా మీదా ఇవే ఫిర్యాదులు. పిల్లాపాపలతో సొంతిల్లు తీసుకున్న పోలండ్ కుటుంబాల వాకిళ్ళు చూడండి, పూలకుండీలు వరసగా ఉంటాయి.

యాంకర్: మేడమ్, మీరు అక్కడే ఉంటున్నారు. నవ్వరు, ప్లీజ్ అనరు అంటారే, నిజమేనా?

ఇంజనీర్: కొట్లో, ట్రామ్‌లో ముక్కూమొహం తెలియనివాళ్ళని చూసి నవ్వరు, నిజమే. నవ్వు తెలిసినవాళ్ళకోసం. అలాగని మర్యాద లేకపోవడమేంటి? మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లోకి ఎవరు ఎక్కినా ‘జెన్ దోబ్రీ’ అని నమస్కారం చెప్తారు, దిగేటప్పుడు మళ్ళీ సెలవు చెప్తారు. డాక్టరు దగ్గర వెయిటింగ్ రూమ్‌లోకి వచ్చినా అంతే, కూర్చున్న అందరికీ కలిపి ఒక నమస్కారం. లండన్‌లో ఆ పని చేస్తే వింతగా చూస్తారు! ముసలివాళ్ళు ట్రామ్ ఎక్కితే కాలేజీ కుర్రాళ్ళు సీటిస్తారు. గడప మీద నిలబడి షేక్‌హ్యాండ్ ఇవ్వరు, లోపలికి వచ్చాకే. గడపకి అటూ ఇటూ నిలబడి ఇచ్చిపుచ్చుకోవడం మనకీ పట్టింపేగా?

ప్రొఫెసర్: పోలండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన అన్నా వ్యెజ్‌బిట్స్కా అనే భాషావేత్త 1985లో దీని మీదే ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. ఇంగ్లిష్ వాళ్ళు ఎదుటివాడి ఇష్టానికి అడ్డు రాకుండా చుట్టూ తిప్పి అడుగుతారు. పోలండ్ వాళ్ళు దగ్గరితనంతో నేరుగా చెప్తారు. భోజనాల దగ్గర అతిథి వద్దంటున్నా ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని బలవంతం చేస్తారు. ఇంగ్లిష్ లెక్కలో అది మొరటుతనం.

ఇంజనీర్: అదే సర్! మొదటిసారి ఒక కొలీగ్ వాళ్ళింటికి భోజనానికి వెళ్తే వాళ్ళ అమ్మమ్మ నా పళ్ళెం ఖాళీ కానివ్వలేదు. పియెరోగీ అని మన కజ్జికాయల ఆకారంలో ఉడకబెడతారు, లోపల బంగాళాదుంప, తెల్లటి చీజ్. నేను చాలంటే ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుంది. మా ఊళ్ళో పెళ్ళి పంక్తిలో ఆకు మీద చెయ్యి అడ్డుపెట్టినా వేళ్ళ సందులోంచి వడ్డించేవాళ్ళు గుర్తొచ్చారు. ఇంటికొచ్చినవాడు దేవుడితో సమానమని వాళ్ళకీ సామెత ఉంది. క్రిస్మస్ ముందు రాత్రి చెప్పకుండా వచ్చే అతిథి కోసం బల్ల దగ్గర ఒక పళ్ళెం ఖాళీగా పెడతారు.

సూపర్‌వైజర్: మేడమ్ చెప్పింది కాదనను. కానీ అంతా తీపిగా చెప్పుకుంటే అబద్ధమవుతుంది. నాతో పనిచేసిన పోలండ్ వాళ్ళలో మా రంగు మీద జోకులేసినవాళ్ళూ ఉన్నారు, రాత్రి షిఫ్టులో మా కూరల వాసన గురించి నోరు పారేసుకున్నవాళ్ళూ ఉన్నారు. క్రిస్మస్‌కి తన చేతిలోని పల్చటి అప్పం లాంటి రొట్టెను నాతో విరిపించి, ‘నువ్వు, మీ అమ్మానాన్నా చల్లగా ఉండాలి’ అన్నవాడూ ఆ షిఫ్టువాడే.

ప్రొఫెసర్: 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు ఈ రెండూ ఒకే ఊళ్ళో కనిపించాయి. సరిహద్దుకి దగ్గర్లో ప్షెమిషల్ అనే ఊరు. రైల్వే స్టేషన్‌లో జనం వేడి సూపు, దుప్పట్లు పట్టుకుని నిలబడ్డారు. దేశమంతటా లక్షల మందిని ఇళ్ళల్లో పెట్టుకున్నారు. అదే ఊళ్ళో కొందరు అతివాదులు తెల్లవాళ్ళు కాని శరణార్థుల మీద దాడి చేశారు, భారతీయులు కూడా దెబ్బలు తిన్నారని వార్తలొచ్చాయి. మన మెడిసిన్ విద్యార్థులు ఎంతోమంది ఆ దారినే వచ్చి ఆపరేషన్ గంగ విమానాలెక్కారు. ఎవరికి ఎవరు ఎదురయ్యారో వాళ్ళకి అదే పోలండ్.

యాంకర్: తాగుడు మాట?

ఇంజనీర్: పోలండ్‌లో వీధిలో నిలబడి బీరు తాగితే జరిమానా. ఇంగ్లండ్‌లో చాలాచోట్ల తాగొచ్చు. బండి నడిపేవాడి రక్తంలో ఉండదగ్గ ఆల్కహాల్ పోలండ్‌లో లీటరుకి 0.2 గ్రాములు, ఇంగ్లండ్‌లో 0.8. మా క్రాకోవ్‌లో శుక్రవారం రాత్రి పాత ఊరి కూడలికి రండి, అరుస్తూ తూలుతూ తిరిగేవాళ్ళలో పెళ్ళికి ముందు పార్టీ చేసుకోడానికి చవక విమానాల్లో దిగిన బ్రిటిష్ కుర్రాళ్ళు ఎందరో. 2023 జూలై నుంచి అర్ధరాత్రి దాటాక ఉదయం ఐదున్నర దాకా దుకాణాల్లో మద్యం అమ్మకూడదని నగరం నిషేధం పెట్టింది. క్రాకోవ్‌ను చూసి ఇంగ్లిష్ వాళ్ళంతా తాగుబోతులని ఎవరైనా అంటే ఒప్పుకుంటారా? పోలండ్‌లో తాగుడు సమస్య లేదనడం లేదు. ఉంది, ఇళ్ళు కూలిపోతున్నాయి. అది వాళ్ళ రక్తంలోనే ఉందనడమే నాకు గిట్టదు.

ప్రొఫెసర్: ఫ్రాన్స్ ముచ్చట చెప్పాలి. 2005లో యూరోపియన్ రాజ్యాంగం మీద రెఫరెండం. పోలండ్ ప్లంబర్ వచ్చి ఫ్రెంచి ప్లంబర్ పొట్ట కొడతాడని ప్రచారం చేశారు. మే 29న సుమారు 55 శాతం మంది వద్దని ఓటేశారు, దానికి కారణాలు ఇంకా చాలా ఉన్నాయనుకోండి. ఆ తర్వాత పోలండ్ పర్యాటక శాఖ ఒక పోస్టర్ వేసింది. చేతిలో పానా, ఒంటిమీద పనిబట్టలు, అందగాడైన ప్లంబర్. ‘నేను పోలండ్‌లోనే ఉంటాను, మీరే రండి’ అని రాశారు. నాకు ఎంతో నచ్చిన జవాబు అది. ఇక జర్మనీలో తొంభైల నాటి టీవీ జోకులన్నీ కార్ల దొంగల మీద. కార్లు పోయిన మాట నిజమే. కానీ ఆ చులకన అంతకంటే పాతది. 18వ శతాబ్దం చివర్లో ప్రష్యా, రష్యా, ఆస్ట్రియా ఆ దేశాన్ని పంచుకున్నాయి. 1918 దాకా పోలండ్ మ్యాప్‌లోనే లేదు. ఆక్రమించినవాడు తన పని సమర్థించుకోవాలంటే వీళ్ళకు పాలించుకోవడం రాదు, సోమరులు అనాలి. మనల్నీ ఇంగ్లిష్ వాళ్ళు అలాగే అన్నారు. ఇవాళ జర్మనీలో ఎన్నో ఇళ్ళలో మంచాన పడ్డ ముసలివాళ్ళ దగ్గర రాత్రీపగలూ ఉండి చూసుకునేది పోలండ్ ఆడవాళ్ళే.

యాంకర్: పోలండ్ వాళ్ళకే వాళ్ళవాళ్ళంటే చిన్నచూపు ఉంటుందంటారు?

ఇంజనీర్: ఈ సంగతి తలచుకుంటే నాకు మనసు కష్టంగా ఉంటుంది. లండన్‌లో ఉండి వచ్చిన మా టీమ్ అమ్మాయి చెప్పింది, రైల్లో వెనక సీట్లో పోలిష్‌లో బూతులు వినపడితే తను ఫోన్‌లో గొంతు తగ్గించేసేదట, లేదంటే ఇంగ్లిష్‌లోకి మారిపోయేదట. ‘నన్నూ వాళ్ళలో కట్టేస్తారేమో’ అని భయం. చెప్పుల్లో సాక్సులు వేసుకునేవాడు, హోటల్ టిఫిన్లో రొట్టెలు సంచీలో వేసుకునేవాడు, తెల్లారకముందే బీచ్‌లో తెరలు పాతి జాగా పట్టేవాడు, వీళ్ళందరికీ కలిపి ‘యానుష్’ అని పేరు పెట్టి మీమ్స్ చేసుకుంటారు. బయటివాళ్ళ చూపుతో తమవాళ్ళని తామే తూకం వేసుకోవడం అది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు గట్టిగా వినపడితే తల తిప్పుకునే తెలుగువాళ్ళు లేరా?

సూపర్‌వైజర్: తిట్టు కంటే పొగడ్త ఎక్కువ నష్టం చేసింది వాళ్ళకి. ‘పోలండ్ వాళ్ళు బండచాకిరీ చేస్తారు, సెలవడగరు.’ మా దగ్గర పై నుంచి మాట అలాగే వచ్చేది, బరువు లైన్‌లో పోలిష్ వాళ్ళని వెయ్యి అని. వాళ్ళకి టార్గెట్ ఎక్కువ. నడుం నొప్పన్నా నమ్మేవాళ్ళు కాదు. లెక్కల టీచరు చేసి వచ్చినావిడ ఏళ్ళ తరబడి పెట్టెలకి టేపు వేసింది. ఆఫీసు వైపు ఖాళీ వస్తే ఆవిడ పేరు ఎవరూ తలచలేదు, ‘లైన్‌లో ఆవిడ లేకపోతే ఎలా’ అన్నారు. ఇంత మెచ్చుకున్నవాళ్ళకి, యూరోపియన్ యూనియన్‌లోంచి బ్రిటన్ బయటికి రావాలా అన్న 2016 రెఫరెండం అయిన మూడో రోజే లండన్ హామర్‌స్మిత్‌లో వాళ్ళ సాంస్కృతిక కేంద్రం తలుపు మీద పిచ్చి రాతలు కనిపించాయి.

ప్రొఫెసర్: 1940లో లండన్ మీద బాంబులు పడుతుంటే బ్రిటన్ వైమానిక దళంలోని పోలండ్ పైలట్ల 303 స్క్వాడ్రన్ అదే ఆకాశంలో పోరాడింది. ఆ స్క్వాడ్రన్ లెక్కలో చేరినవి 126 శత్రు విమానాలు. ఆ రుణం ఎవరికి గుర్తుంది?

సూపర్‌వైజర్: ఒక్క మాట చెప్పాలి. రాతల సంగతి తెలిసి చుట్టుపక్కల ఇంగ్లిష్ వాళ్ళు పూలు, కార్డులు తెచ్చి అక్కడ పెట్టారు. అది కూడా జరిగింది.

యాంకర్: ఖమ్మం నుంచి ఒక తండ్రి లైన్‌లో ఉన్నారు. చెప్పండి సార్.

ఫోన్‌లో ప్రేక్షకుడు: నమస్తే అమ్మా. మా పాపకి వ్రోత్స్‌వాఫ్‌లో సీటొచ్చింది. వాళ్ళు మొరటు మనుషులని మావాళ్ళంతా భయపెడుతున్నారు. పంపమంటారా?

ఇంజనీర్: పంపండి అంకుల్. టెన్షన్ పడకండి. అయితే ఇది కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ళ కింద ఇంగ్లండ్‌లో పోలండ్ వాళ్ళని ఏ మాటలన్నారో, పోలండ్‌లో ఇప్పుడు ఫుడ్ డెలివరీ చేసే మన దేశపు, నేపాల్ కుర్రాళ్ళని అవే మాటలు అనేవాళ్ళున్నారు. ‘గుంపులుగా ఉంటారు, శుభ్రత లేదు’ అని. పాపకి ఎదురైతే ఊరుకోవద్దనండి, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి రాసివ్వమనండి. ఒకడు అన్నాడని హాస్టల్ గదిలో తలుపేసుకుని కూర్చోవద్దనండి. లిఫ్ట్‌లో నమస్కారం చెప్పమనండి. పెద్దవాళ్ళలో మగవాళ్ళని ‘పాన్’, ఆడవాళ్ళని ‘పాని’ అని పిలవాలి. ఎవరైనా భోజనానికి పిలిస్తే వెళ్ళాలి, గుమ్మంలో చెప్పులు విప్పాలి. పూలు తీసుకెళ్తే బేసి సంఖ్యలో ఉండాలి. చామంతులు మాత్రం వద్దు, వాటిని నవంబరు 1న సమాధుల మీద పెడతారు.

ఫోన్‌లో ప్రేక్షకుడు: మంచిదమ్మా. చలికోటు ఇక్కడే కొనివ్వాలా?

ఇంజనీర్: వద్దంకుల్, అక్కడే కొనుక్కుంటుంది. ఆ చలికి సరిపోయేవి అక్కడే దొరుకుతాయి.