గల్లా డబ్బులు వాపసొచ్చాయి, అక్క మాటేంటి?

[నాంపల్లి క్రిమినల్ కోర్టుల ముందు. పక్కన చాయ్ బండి.]

నమస్తే. ఒక కేసు ఊహించుకుందాం. ఇదే రోడ్డు మీద ఇడ్లీ బండి నడిపే అక్క. పొద్దున రద్దీలో గల్లా డబ్బా మాయం. అందులో 2,300 రూపాయలు. దొరికింది 19 ఏళ్ల పోరడు, దొంగతనం ఇదే మొదటిసారి.

[దగ్గరగా: సొట్టపడ్డ స్టీలు డబ్బా, మూత మీద ఎండిన పిండి.]

పాత ఐపీసీ, అంటే 1860 నాటి చట్టం ప్రకారమైతే జైలో, జరిమానానో, రెండూనో. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 303వ సెక్షన్ ఏమంటుందంటే, సొత్తు 5,000 రూపాయల లోపుదై, తొలిసారి శిక్ష పడుతున్నవాడు దాన్నో, దాని విలువనో తిరిగిచ్చేస్తే సమాజ సేవ చేయాలి. కూలి ఇవ్వరు. తాగి బజారున గొడవ చేయడం, పరువునష్టం లాంటి మరికొన్నింటికీ ఈ శిక్ష ఉంది. ఎన్ని గంటలో, ఏం పనో సంహితలో రాయలేదు.

జైలుకన్నా నయమే, కాదనను. కానీ పోరడు ఏ ఆస్పత్రిలోనో ఊడ్చిపోతాడు. అక్క అడగాలనుకున్నవి అలాగే మిగిలిపోతాయి. "ఎన్ని రోజుల నుంచి నా గల్లా మీద కన్నేశావురా? మళ్లీ వస్తావా? ఆ పూట బియ్యం, మినప్పప్పు అప్పు ఎవరు కట్టాలి?"

ఇవి అడిగే జాగా ఇచ్చేదే రిస్టొరేటివ్ జస్టిస్. నష్టపోయిన మనిషి, నష్టం చేసిన మనిషి ఎదురెదురుగా కూర్చుంటారు. నడిపించడానికి శిక్షణ ఉన్న మూడో మనిషి ఉంటారు. న్యూజిలాండ్‌లో 1989 చట్టంతో బాల నేరస్తుల కేసుల్లో కుటుంబాలను కూడా ఇలా కూర్చోబెట్టడం మొదలైంది.

"ఇదేముంది, మన పెద్దమనుషుల పంచాయితీయే కదా" అంటారు కొందరు. ఆ పోలికంటేనే నాకు భయం. పంచాయితీలో పెద్దమనిషి ఎవరివైపో చాయ్ రాకముందే తెలిసిపోతుంది. "సర్దుకుపో బిడ్డా" అనేది ఎప్పుడూ చిన్నవాళ్లకే. ఇష్టం లేదన్నాక అక్కను కూర్చోబెట్టారంటే అది రెండో దెబ్బే.

మన దగ్గర రిస్టొరేటివ్ జస్టిస్‌కు దగ్గరగా ఉన్నది రాజీ. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం నాగరిక్ సురక్షా సంహిత. దాని 359వ సెక్షన్ కింద దొంగతనం కేసులో సొత్తు యజమాని రాజీ పడొచ్చు. పడితే నిందితుడు నిర్దోషి కిందే లెక్క. లోక్ అదాలత్‌లోనూ ఇవి తేలుతాయి. అక్కడ అడిగేది సంతకం, అక్క ప్రశ్నలు కాదు.

[తెరపై: 15100]

అందుకే సంతకానికి ముందు లాయర్‌తో మాట్లాడండి. న్యాయ సేవల నంబరు ఇది. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా లాయర్ ఉచితం.