లాప్‌టాప్‌లో దిగిన ప్యాకేజీ క్లౌడ్‌లో ఎందుకు దిగదు?

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత సెషన్ నాకిచ్చారు కాబట్టి స్లయిడ్లు బాగా తగ్గించాను. ఒక ఎర్రర్ తీసుకుని దాని వెనకాల ఏం జరుగుతోందో చూద్దాం. ఇక్కడ అజూర్ ఫంక్షన్స్‌లో, అంటే కోడ్ ఇస్తే నడిపిపెట్టే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీస్‌లో, పైథాన్ రాసేవాళ్లు ఎక్కువగా ఉన్నారు, ఉదాహరణ కూడా అదే.

టీములన్నీ వాడుకునే కోడ్‌ని ప్యాకేజీగా చేసి అజూర్ ఆర్టిఫాక్ట్స్ అనే ప్యాకేజీల గోదాములో ప్రైవేట్ ఫీడ్‌లో, అంటే మనవాళ్లకే తెరుచుకునే అరలో, పెడతాం. కావాల్సిన ప్యాకేజీల జాబితా ఉండే రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ఫీడ్ అడ్రస్, కింద ప్యాకేజీ పేరు రాస్తాం. లాప్‌టాప్‌లో పిప్ ఇన్‌స్టాల్ (పైథాన్ ప్యాకేజీలు దించే కమాండ్) కొడితే చక్కగా దిగుతుంది. కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్, టెస్ట్ చేసే పైప్‌లైన్లో టెస్టులు పాసవుతాయి. తీరా డిప్లాయ్, అంటే క్లౌడ్‌లోకి ఎక్కించే దగ్గరికొచ్చేసరికి బిల్డ్ ఫెయిల్. లాగ్ అడుగున ఉండేది ఇదీ: ‘ఈవోఎఫ్ ఎర్రర్, ఈవోఎఫ్ వెన్ రీడింగ్ ఎ లైన్’.

ఇది చూడగానే రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో చివరి లైను తేడాగా ఉందేమోనని దాన్ని సరిచేస్తూ కూర్చునేవాళ్లు ఉన్నారు. ఆ ఫైలుకీ దీనికీ సంబంధం లేదు. లాగ్‌లో కొంచెం పైకి వెళ్లండి. ‘యూజర్ ఫర్’ అని, ఫీడ్ సర్వర్ పేరు, ఆ తర్వాత ఒక కోలన్ కనబడతాయి. ఫీడ్ 401 ఇచ్చింది, అంటే ‘నువ్వెవరో తెలియదు’ అంది. అప్పుడు పిప్ యూజర్‌నేమ్ టైప్ చెయ్యమని అడిగింది. అది బిల్డ్ మెషీన్, టైప్ చెయ్యడానికి అక్కడ మనిషెవరు? జవాబు రాకపోయేసరికి ఈవోఎఫ్, అంటే చదవడానికి ఇంకేమీ లేదు, అని పడిపోయింది. అసలు ఫీడ్ అడ్రసే బిల్డ్‌కి తెలియకపోతే లక్షణం మారుతుంది. పిప్ అందరికీ తెరిచి ఉండే ప్యాకేజీల నిల్వ పైపీఐలో మాత్రమే వెతికి ‘నో మ్యాచింగ్ డిస్ట్రిబ్యూషన్ ఫౌండ్’ అంటుంది. ప్యాకేజీ ఎవరో డిలీట్ చేశారని అవతలి టీమ్‌కి మెయిల్ కొట్టే ముందు ఈ సంగతి చూసుకోండి.

మరి పైప్‌లైన్లో ఎందుకు పాసయింది? అక్కడ పిప్ అథెంటికేట్ అనే టాస్క్ పెట్టి ఉంటారు. అది ఫీడ్ తెరిచే టోకెన్‌ని (పాస్‌వర్డ్ లాంటిది), పైప్‌లైన్ నడిచే ఏజెంట్ మెషీన్లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెడుతుంది, ఆ జాబ్ వరకే. రిమోట్ బిల్డ్, అంటే అజూర్‌లోనే బిల్డ్ చేసే సెట్టింగ్, ఆన్‌లో ఉంటే డిప్లాయ్ స్టెప్ సోర్స్ కోడ్ మాత్రమే జిప్ చేసి అజూర్‌కి పంపుతుంది. అక్కడ ఓరిక్స్ అనే బిల్డ్ సిస్టమ్ పిప్ ఇన్‌స్టాల్‌ని మళ్లీ మొదట్నుంచీ నడుపుతుంది. తాళం చెవి మీ జేబులో ఉంది, తలుపు దగ్గర నిలబడింది మాత్రం పక్కింటి కుర్రాడు. అందుకని నేను ఎర్రర్ చదవడానికి ముందే ఒకటి అడుగుతాను: ఈ పిప్ ఏ మెషీన్లో, ఎవరి పేరు మీద నడుస్తోంది?

దీనికి మైక్రోసాఫ్ట్ డాక్యుమెంట్లలో ఒక దారి ఉంది. ఫంక్షన్ యాప్ సెట్టింగ్స్‌లో ‘పిప్ ఎక్స్‌ట్రా ఇండెక్స్ యూఆర్ఎల్’ అనే పేరుతో ఫీడ్ అడ్రస్ పెట్టడం. ప్రైవేట్ ఫీడ్ కాబట్టి అడ్రస్‌లోనే టోకెన్ ఇరికిస్తారు. పని చేస్తుంది, కానీ నాకు నచ్చదు. బిల్డ్‌కి కావాల్సిన రహస్యం, నడుస్తున్న ఫంక్షన్‌కి కూడా అందుబాటులో ఉండిపోతుంది. పైగా ఆ టోకెన్ సాధారణంగా ఎవరో ఒక డెవలపర్ పర్సనల్ యాక్సెస్ టోకెన్, దానికి గడువు మహా అయితే ఏడాది. గడువు దాటిన రోజు ఏమీ జరగదు, డిప్లాయ్ అయిపోయిన ఫంక్షన్ హాయిగా నడుస్తూనే ఉంటుంది. ఏ శుక్రవారం సాయంత్రమో అర్జెంట్‌గా హాట్‌ఫిక్స్ పెట్టబోతే అప్పుడు బయటపడుతుంది. ఇక ఆ టెన్షన్ చెప్పక్కర్లేదు.

నా ఓటు పైప్‌లైన్లోనే బిల్డ్ చేసెయ్యడానికి. టోకెన్ ఎలాగూ అక్కడ ఉంది. ప్యాకేజీలన్నీ ‘డాట్ పైథాన్ ప్యాకేజెస్’ ఫోల్డర్ కింద లిబ్, సైట్-ప్యాకేజెస్‌లోకి దించి, రిమోట్ బిల్డ్ ఆపేసి, అంతా కలిపి జిప్ పంపండి. ఏజెంట్ లైనక్స్ అయ్యుండాలి, పైథాన్ వెర్షన్ ఫంక్షన్ యాప్‌లో ఉన్నదే ఉండాలి. విండోస్ ఏజెంట్ మీద దించిన నంపై అనే లెక్కల ప్యాకేజీ, లైనక్స్ ఫంక్షన్‌లో ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతుంది.

అమెజాన్‌లో ఇలాంటి సర్వీసే అయిన లాంబ్డా వాడేవాళ్లకి ఈ రిమోట్ బిల్డ్ గొడవ లేదు, లాంబ్డా మీకోసం పిప్ నడపదు. కానీ లాంబ్డా కోసం వాడే సామ్ అనే టూల్‌తో బిల్డ్‌ని కంటైనర్‌లో, అంటే మీ మెషీన్‌తో సంబంధం లేని మూసిన డబ్బాలో, నడిపితే మీ మెషీన్లోని పిప్ సెట్టింగులు లోపలికి కనబడవు, వేరియబుల్ విడిగా పంపాలి. అమెజాన్ ప్యాకేజీల గోదాము కోడ్ఆర్టిఫాక్ట్ ఇచ్చే టోకెన్ 12 గంటలకి మించి బతకదు కాబట్టి దాన్ని పైప్‌లైన్లో సీక్రెట్‌గా దాచుకుంటే మర్నాటికే చెల్లదు. ప్రతి బిల్డ్‌లోనూ కొత్తది తీసుకోవాల్సిందే.

ఇప్పుడు ‘ఎక్స్‌ట్రా’ సంగతి. ఎక్స్‌ట్రా ఇండెక్స్, అంటే పైపీఐకి తోడు పిప్ వెతికే ఇంకో చోటు, పెడితే పిప్ ముందు మీ ఫీడ్ చూసి, లేకపోతేనే పైపీఐకి వెళ్తుందని చాలామంది నమ్మకం. అలా జరగదు. రెండూ దానికి సమానమే, ఎక్కడ పెద్ద వెర్షన్ ఉంటే అది దించుతుంది. మీ లోపలి ప్యాకేజీ పేరుతోనే ఎవరైనా పైపీఐలో 99.0 వెర్షన్ పెడితే అదే దిగుతుంది. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు ఈ కిటుకుతోనే యాపిల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీల లోపలి మెషీన్లలో తన కోడ్ నడిపించి చూపించాడు. కాబట్టి ఇండెక్స్ ఒక్కటే ఉంచండి, మీ ఫీడ్. పైపీఐని ఆ ఫీడ్‌కి అప్‌స్ట్రీమ్‌గా, అంటే తనలో లేనివి ఫీడ్ తెచ్చుకునే చోటుగా, కలపండి.

కలిపాక ఇంకో చిక్కు వస్తుంది, నన్ను అడిగితే అన్నిట్లోకీ చిరాకైనది ఇదే. రిక్వెస్ట్స్ లాంటి పబ్లిక్ ప్యాకేజీకి వెర్షన్ పెంచారు, బిల్డ్ పడిపోయింది. మిగతా ప్యాకేజీలు అదే టోకెన్‌తో బాగానే దిగుతున్నాయి. మీ లాప్‌టాప్‌లో ఈ కొత్త వెర్షన్ కూడా దిగింది. కాసేపాగి రీ-రన్ కొడితే బిల్డ్ పాస్! నెట్‌వర్క్ సమస్య అయ్యుంటుందని టికెట్ మూసేస్తారు. అసలు కథ పర్మిషన్లది. ఫీడ్‌లో రీడర్‌గా ఉన్న ఐడెంటిటీ, ఇదివరకే ఫీడ్‌లోకి వచ్చిన వెర్షన్లు మాత్రమే దించుకోగలదు. అప్‌స్ట్రీమ్ నుంచి కొత్తది మొదటిసారి తేవాలంటే కొలాబరేటర్ స్థాయైనా ఉండాలి. పైప్‌లైన్ వాడే ఐడెంటిటీ అయిన బిల్డ్ సర్వీస్‌ది రీడర్ స్థాయి, మీది కొలాబరేటర్ కన్నా పైదైన కంట్రిబ్యూటర్ స్థాయి. మీరు లాప్‌టాప్‌లో దించగానే ఆ వెర్షన్ ఫీడ్‌లో చేరింది, రెండోసారి బిల్డ్‌కి దొరికింది. బిల్డ్ సర్వీస్‌కి కొలాబరేటర్ ఇస్తే సరి.

మొదట చెప్పిన ఆ రెండు ఎర్రర్లనీ డిప్లాయ్ దాకా వెళ్లకుండానే పట్టుకోవచ్చు. ఖాళీ పైథాన్ డాకర్ ఇమేజ్‌లో, మీ సెట్టింగులేవీ లేకుండా, రిక్వైర్‌మెంట్స్ ఫైలొక్కటే ఇచ్చి పిప్ ఇన్‌స్టాల్ కొట్టండి. ఓరిక్స్‌లో కనబడిన ఎర్రర్ అక్కడే కనబడుతుంది, ఒక్కో మార్పుకీ డిప్లాయ్ అయ్యేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు.

నోడ్‌లో జావాస్క్రిప్ట్ రాసేవాళ్లు వెనక వరసలో ఉన్నట్టున్నారు. మీకు ఒక్క మాట: మీ ప్రైవేట్ ప్యాకేజీకి ఎన్‌పీఎం రిజిస్ట్రీ (మీ ప్యాకేజీల నిల్వ) 404, అంటే ‘దొరకలేదు’, అందని ప్యాకేజీ లేదనుకోకండి. చూసే అనుమతి లేనివాళ్లకి కూడా అది 404 అనే చెప్తుంది. ప్రశ్నలుంటే అడగండి, మైక్ అటు పంపిస్తున్నాను.