మన కొండ దగ్గరే దొరికిన పాము

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు, మీ అందరికీ నమస్కారం. పది నిమిషాలే ఇచ్చారు కాబట్టి పేరుపేరునా చెప్పడం లేదు, ఏమనుకోకండి.

వన్యప్రాణి వారోత్సవం అనగానే పులి గురించి మాట్లాడమంటారు. నల్లమల పులుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను నాగార్జునసాగర్ రేసర్ గురించి చెప్తాను. ఆ పాము పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఒక్క చెయ్యి కూడా లేవలేదు!

1976లో ఆర్.సి. శర్మ అనే శాస్త్రవేత్త అప్పటి గుంటూరు జిల్లా నాగార్జున కొండ దగ్గర దొరికిన పామును చూసి, ఇది కొత్త జాతి అని లోకానికి చెప్పారు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం ప్లాటిసెప్స్ భోలానాథి. సన్నగా ఉంటుంది, రాళ్ల సందుల్లో బతుకుతుంది, విషం లేదు. తర్వాత హైదరాబాద్‌లోనూ దొరికింది, 2013లో అక్కడి మగ పాముల వర్ణన అచ్చయింది. కర్ణాటక, తమిళనాడుల్లో కూడా కనిపించింది. దక్షిణాదిలో రాళ్ల గుట్టలున్న ఈ కాస్త మేర తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు దానికి చోటు.

ఒక కాలనీ నుంచి నాకు ఫోన్ వచ్చింది, కట్లపాము దూరింది, పిల్లలున్న ఇల్లు, త్వరగా రండి అని. నేను వెళ్లేసరికే కర్రలతో కొట్టి చంపేశారు. చూస్తే అది కట్లపాము కాదు, ఈ రేసరే. వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను, కట్లపాము కాటుకి మనుషులు చనిపోతున్నారు. కానీ కట్లపాముకి తెల్లటి పట్టీలు తోక వైపు స్పష్టంగా ఉంటాయి, మెడ దగ్గర మసకబారతాయి, అది తిరిగేది రాత్రిపూట. దీనికి చారలు తల, మెడ వైపు ఉండి వెనక్కి పోయేకొద్దీ మాయమవుతాయి. అలాగని దగ్గరికెళ్లి చారలు లెక్కపెట్టకండి, పట్టుకోకండి. ఏ పాము కరిచినా ముందు ఆసుపత్రికే, అందులో రెండో మాట లేదు.

నాకు కోపం వచ్చింది మాత్రం ఆ ఇంటి వెనక చూశాకే. అక్కడ గుట్టని సగం కొట్టేశారు, వెంచర్ వేస్తున్నారట. ఇల్లు పోయిన పాము ఇంకెక్కడికి వెళ్తుంది చెప్పండి? చెట్టు కొడితే కనీసం నలుగురు అరుస్తారు. బండరాయిని పేలిస్తే ఎవరూ నోరెత్తరు, పైగా అది పనికిరాని భూమి అంటారు! కొట్టేసిన చోట మొక్కలు నాటొచ్చు, కోట్ల ఏళ్ల నాటి గుట్టని మళ్లీ ఎవరు నాటుతారు?

మీలో జువాలజీ పిల్లలెవరు? మీ ఊరి గుట్టల దగ్గర ఇలాంటి పాము కనిపిస్తే దూరం నుంచే ఫోటో తీయండి, చోటు, తేదీ రాసిపెట్టుకోండి, మీ లెక్చరర్‌కి, అటవీ శాఖ వాళ్లకి చూపించండి. ఆ గుట్టకి క్వారీ అనుమతి అడిగారని తెలిస్తే గ్రామసభకి వెళ్లండి, ఇక్కడ ఈ పాము ఉంది అని ఆ ఫోటో చూపించి చెప్పండి. గంట కొట్టేలోపు ప్రశ్నలుంటే అడగండి.