తుప్పు పట్టిన ఎంజీబీ, అడిగే ధర 3,500 పౌండ్లు: కొనొచ్చా?

అందరికీ నమస్కారం. ఈరోజు ముందు చూపించేది బోనెట్ కాదు, ఇంజన్ కాదు, డోర్ సందు. బావా, కెమెరా ఇంకొంచెం దగ్గరికి తీసుకురా. ఇదిగో, డోర్‌కీ వెనక మడ్‌గార్డ్‌కీ మధ్య సందు చూడండి. కింద నా చిటికెన వేలు దూరుతోంది. పైకి వచ్చేసరికి ఈ విజిటింగ్ కార్డు కూడా పట్టట్లేదు. రెండో వైపు కూడా ఇంతే. కొనాలా వద్దా అనేదానికి సగం జవాబు ఇక్కడే ఉంది. ఎందుకో చెప్తాను.

కారు 1972 మోడల్ ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు లేని రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంగ్లాండ్‌లో వోర్సెస్టర్ దగ్గర ఒక పల్లెలో, షెడ్డులో ఉంది. 2009 నుంచి రోడ్డెక్కలేదు. ఓనర్ ఒక పెద్దాయన, 3,500 పౌండ్లు చెప్తున్నారు. లెస్టర్‌లో ఉండే మన సబ్‌స్క్రైబర్ ఒకరు, అడ్వాన్స్ ఇచ్చేముందు ఒకసారి చూసిపెట్టండి అన్నా అని అడిగారు. పెద్దాయన కూడా కాదనకుండా, ఎక్కడ కావాలంటే అక్కడ చూసుకోండి అని షెడ్డు తాళం చేతికిచ్చారు. అలా ఇచ్చారంటేనే ఆయన నిజాయితీ తెలుస్తోంది.

ఈ కారు తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. ఎంజీబీని 1962 నుంచి 1980 అక్టోబర్ దాకా ఆక్స్‌ఫర్డ్ దగ్గర అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారుచేశారు. పైకప్పు ఉన్న జీటీ మోడల్‌తో కలిపి ఐదు లక్షలకు పైనే వచ్చాయి. అందులో చాలా భాగం అమెరికాకే వెళ్ళాయి. ఇంజన్ 1798 సీసీ, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ళ బీ-సిరీస్. ఈ పేరు విని మన ఊళ్ళో పాత మెకానిక్‌లు నవ్వుతారు, ఎందుకంటే మన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజన్ కూడా ఇదే బీ-సిరీస్. బోనెట్ తెరవగానే ఆ పోలిక నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది. అంబాసిడర్ ఇంజన్ విప్పి బిగించిన చెయ్యికి ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది పెద్దగా ఉండదు.

అందుకే ఇంజన్ గురించి టెన్షన్ వద్దు అంటాను. పాత స్పోర్ట్స్ కారు చూడటానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ ముందు అడిగేది "స్టార్ట్ అవుతుందా?" అని. ఎంజీబీ విషయంలో అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఇంజన్ పాడైతే బాగుచేసుకోవచ్చు, లేకపోతే ఇంకోటి తెచ్చి పెట్టుకోవచ్చు. బాడీ కుళ్ళిపోతే మాత్రం కారే లేనట్టు.

ఇక డోర్ సందు సంగతి. ఎంజీబీకి ముందొచ్చిన ఎంజీఏకి విడిగా చాసిస్ ఉండేది, దాని మీద బాడీ కూర్చునేది. ఎంజీబీకి అలా లేదు. బాడీయే చాసిస్. పైన కప్పు లేదు కాబట్టి ముందు సగాన్నీ వెనక సగాన్నీ కలిపి పట్టుకునే పని ఎక్కువగా డోర్ల కింద పొడవునా ఉన్న సిల్స్ మీదే పడుతుంది. మంచానికి పట్టెలు ఎలాగో ఈ కారుకి ఇవి అలాగ. అవి బలహీనపడితే కారు నడుము దగ్గర కిందికి కుంగుతుంది. నడుము కుంగితే డోర్ సందు పైభాగంలో మూసుకుపోతుంది. మీరు ఇందాక చూసింది అదే.

సందు ఇలా ఉన్నంత మాత్రాన తీర్పు చెప్పకూడదు, డోర్ కీళ్ళు అరిగినా ఇలా కనిపించొచ్చు. అందుకే ఇంకో పరీక్ష. సీట్ల కింద ఫ్లోర్‌కి అడ్డంగా ఒక క్రాస్ మెంబర్ వెళ్తుంది. సిల్ మధ్యలో కంపెనీ ఇచ్చిన జాకీ పాయింట్ ఉంది కానీ, ఈ సిల్ ఉన్న స్థితిలో అక్కడ జాకీ పెడితే అది లోపలికి దిగబడిపోతుంది. కాబట్టి క్రాస్ మెంబర్ చివర చెక్క ముక్క వేసి, ట్రాలీ జాకీతో మెల్లగా లేపుతున్నాను. బావా, జాకీని కాదు, సందుని చూపించు. చూశారా? తెరుచుకుంటోంది. ఇందాక కార్డు పట్టని చోట ఇప్పుడు అగ్గిపుల్ల పడుతోంది. సిల్స్ గట్టిగా ఉన్న కారులో ఇలా లేపితే సందు మారదు. ఇది కీళ్ళ సమస్య కాదు, నడుము సమస్య.

ఇప్పుడు సిల్ దగ్గరికే వద్దాం. బయటికి చూస్తే నున్నగా, నీలం పెయింట్‌తో బాగానే ఉంది. గుడ్డలో చుట్టిన అయస్కాంతం పెడుతున్నాను. ఇక్కడ అతుక్కుంది. ఇక్కడా అతుక్కుంది. ముందు చక్రం వైపు జరిపేసరికి జారి పడిపోయింది. అంటే పెయింట్ కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ. ఇంకోటి గమనించండి. ముందు మడ్‌గార్డ్ కింది కొస సిల్‌తో కలిసే చోట నిలువుగా ఒక అతుకు గీత కనిపించాలి. ఇక్కడ ఆ గీత లేదు. ఎవరో పాత సిల్‌ని కోసి తీయకుండా, దాని మీదే కొత్త రేకు తొడిగి, పుట్టీ పూసి, రంగు వేసేశారు. లోపల కుళ్ళు అలాగే ఉండిపోయింది.

సిల్ అంటే ఒక్క రేకు కాదు. బయటి సిల్, మధ్యలో నిలువుగా ఒక పలక, లోపలి సిల్, వీటి కింద ఫ్లోర్ అంచున కాసిల్ రెయిల్ అనే ఇంకో రేకు. అన్నీ కలిస్తేనే పెట్టెలాగా గట్టిగా నిలుస్తుంది. పైగా బయటి సిల్ మడ్‌గార్డ్ల వెనకదాకా వెళ్తుంది. సరిగ్గా మార్చాలంటే ముందు మడ్‌గార్డ్ విప్పాలి, లేదా దాని కింది భాగం కోయాలి. వెనక మడ్‌గార్డ్ అయితే కోయక తప్పదు. అంత పని తప్పించుకోవడానికే చాలామంది పైపైన రేకు తొడిగేస్తారు.

కార్పెట్ ఎత్తితే, ఇదిగో, లోపలి వైపు. ఈ స్క్రూడ్రైవర్‌ని నేను పొడవట్లేదు, కేవలం ఆనిస్తున్నాను. దిగిపోయింది. అటు పక్కన షెడ్డు నేల కనిపిస్తోంది. కాసిల్ రెయిల్ ఉన్న చోట గోధుమరంగు పొరలు చేత్తో ఊడి వస్తున్నాయి.

మన విశాఖలో బీచ్ రోడ్ పక్కన కార్లు ఎలా తుప్పు పడతాయో చూసిన వాళ్ళకి ఇది కొత్త కాదు. ఇక్కడ ఇంగ్లాండ్‌లో చలికాలంలో మంచు కట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కింది నుంచి పట్టుకుంటాయి. ఈ కారులో ఇంకో దారి కూడా ఉంది: ముందు చక్రం వెనక, మడ్‌గార్డ్ లోపల ఒక అడ్డుపలక ఉంటుంది, దాని చుట్టూ రబ్బరు సీల్. అది ఎండి పగిలితే బురద లోపలికి చేరి, అక్కడే తడిగా కూర్చుంటుంది. సిల్ ముందు కొస కుళ్ళేది అందుకే. మడ్‌గార్డ్ కింది మూల పెయింట్ పొంగి పొక్కులు కనిపిస్తే, అర్థం చేసుకోండి, లోపల చాలాకాలంగా జరుగుతోంది.

వెనక్కి వద్దాం. సీట్ల వెనక ఈ మూత కింద రెండు ఆరు వోల్ట్‌ల బ్యాటరీలు ఉండేవి. ఇప్పుడు ఎడమ వైపు పెట్టెకి అడుగే లేదు. దాన్ని మార్చొచ్చు, పెద్ద విషయం కాదు. పెద్ద విషయం దాని పక్కన ఉంది. వెనక కమాన్‌పట్టీ ముందు కొస బిగించే బ్రాకెట్, సిల్ ముగిసే చోటుకి దగ్గర్లోనే ఉంటుంది. దాని చుట్టూ రేకు పలచబడి, సుత్తి పిడితో తడితే మొద్దుగా మోగుతోంది. వెనక యాక్సిల్‌ని బాడీకి పట్టి ఉంచేది ఇదే. ఇక్కడ తేడా వస్తే ప్రాణాల మీదకి వస్తుంది.

ఇంజన్ త్వరగా చూసేద్దాం. ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, కాసేపాగి, కారుని నాలుగో గేర్‌లో పెట్టి ముందుకీ వెనక్కీ ఊపాం. తిరుగుతోంది, పట్టేయలేదు. క్లచ్ ప్లేట్ మాత్రం అతుక్కుపోయినట్టుంది. బ్రేకులు పనిచేయట్లేదు. వైర్ వీల్స్ లోపలి పళ్ళు అరిగాయి. ఇవన్నీ మామూలే, అన్నిటికీ పార్ట్‌లు దొరుకుతాయి. ఈ కారు గొప్పతనం అదే. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988 నుంచి పాత డైలతోనే (రేకుని ఆకారంలోకి నొక్కే అచ్చులతోనే) ఎంజీబీ మొత్తం బాడీ షెల్‌ని కొత్తగా చేసి అమ్ముతోంది. ఇంకే పాత స్పోర్ట్స్ కారుకి ఇంత సదుపాయం ఉంటుంది? కానీ ఆ షెల్ ఒక్కటే పది వేల పౌండ్లు దాటుతుంది.

కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. వీ5సీ, అంటే మన ఆర్సీ లాంటి రిజిస్ట్రేషన్ కాగితం, పెద్దాయన పేరు మీదే ఉంది, చాసిస్ నంబర్ జీహెచ్ఎన్5తో మొదలవుతోంది, అంటే రోడ్‌స్టరే. ఎంఓటీ అంటే బండి రోడ్డు మీద నడవడానికి పనికొస్తుందా అని ఏటా చేసే టెస్టు, దాని హిస్టరీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. 2008 టెస్టులోనే ఎడమ సిల్‌కి తుప్పు పట్టిందని రాశారు. 40 ఏళ్లు దాటిన కార్లకి, పెద్ద మార్పులు చేయనంతవరకు, 2018 మే నుంచి ఎంఓటీ అక్కర్లేదు. రోడ్ ట్యాక్స్ కూడా ఉండదు. దాన్ని కొనేవాళ్ళు లాభం అనుకుంటారు. నాకు మాత్రం భయమేస్తుంది. ఈ స్క్రూడ్రైవర్ దిగిన కారుకి బ్రేకులు బాగుచేసి నేరుగా రోడ్డెక్కించినా ముందే తప్పనిసరిగా పరీక్షించే వాళ్ళు ఉండరు. సురక్షితంగా లేని బండి నడపడం మాత్రం ఎంఓటీ ఉన్నా లేకున్నా నేరమే. అక్కర్లేకపోయినా టెస్టు చేయించండి, దయచేసి.

ఇక లెక్క. నాకు తెలిసిన వెల్డర్ గంటకు 55 పౌండ్లు తీసుకుంటారు. ఒక్కో వైపు సిల్స్ సరిగ్గా చేయాలంటే 40 గంటలు చెప్పారు. రెండు వైపులా 4,400. ఫ్లోర్, బ్యాటరీ పెట్టెలు, స్ప్రింగ్ బ్రాకెట్లకి ఇంకో 30 గంటలు, 1,650. రేకులకి 900. పెయింట్ 4,500. బ్రేకులు, క్లచ్, చక్రాలు, ట్యాంక్ కలిపి 2,000. టాప్, సీట్లు 1,500. మొత్తం 14,950. దానికి పెద్దాయన చెప్పిన 3,500 కలిపితే 18,450 పౌండ్లు. ఇదే మోడల్, సిల్స్ గట్టిగా ఉండి, ఈరోజే ఎక్కి నడుపుకునే కారు నేను చూస్తున్న ప్రకటనల్లో పది నుంచి పన్నెండు వేలకి దొరుకుతోంది.

కాబట్టి లెస్టర్ తమ్ముడూ, నీకు వెల్డింగ్ రాదని చెప్పావు. ఈ కారు వద్దు. ఆ పది వేలు దగ్గర పెట్టుకుని, బాగున్న కారు కోసం ఆగు. ఓపెన్ టాప్ కావాల్సిందే అని పట్టుదల లేకపోతే జీటీ చూడు. సాధారణంగా రోడ్‌స్టర్ కంటే తక్కువకే వస్తుంది. కప్పు ఉంటుంది కాబట్టి సిల్స్ బలహీనపడినా ఇలా కుంగిపోదు, కానీ సిల్స్ మాత్రం ఇలాగే చూడాలి.

వెల్డింగ్ చేతిలో ఉన్నవాళ్ళకి లెక్క వేరు. కూలి 6,050 మిగులుతుంది. పెద్దాయన కారుని 1,200కి ఇస్తే మొత్తం 10,100లో తేలిపోతుంది. ఒక్క షరతు: జాకీ మీద పెట్టి నడుము సరిచేసి, డోర్లు బిగించి, సందు సమానంగా వచ్చాకే సిల్ కోయాలి. సందు చూసుకోకుండా కోసి వెల్డ్ చేస్తే ఈ కుంగిన ఆకారమే శాశ్వతంగా గట్టిపడిపోతుంది, ఆ తర్వాత డోర్లు ఎప్పటికీ సరిగ్గా పడవు.

పెద్దాయనకి ఇదంతా కారు పక్కన కూర్చోబెట్టి చూపించాను. అయస్కాంతం ఆయన చేతికే ఇచ్చాను. పైన తొడిగిన రేకు సంగతి ఆయనకి తెలియదు, వెనకటి ఓనర్ చేయించిన పని అది. 1,200కి అయితే వెల్డింగ్ తెలిసినవాళ్ళకే ఇస్తానన్నారు. అలాంటివాళ్ళు ఉంటే కామెంట్‌లో చెప్పండి, ఆయనని అడిగి కలుపుతాను.